పత్తి గదిలో నగారా

"పాటలోంచి నా నగారా తీసెయ్యమని చెప్పు."

హరిలాల్ ఈ మాట కూతురితో అనలేదు. ఎదురుగా నిలబడ్డ జ్యోత్స్నను పక్కనపెట్టి, గడప మీద కూర్చుని బూట్లు వేసుకుంటున్న కొడుకు జగదీష్‌తో అన్నాడు. కంచంలో సగం రొట్టె మిగిలి ఉండగానే లేచాడు. చెయ్యి కడుక్కుని, తువ్వాలు భుజాన వేసుకుని మిరపకాయలు ఆరబోసిన కళ్లం వైపు వెళ్లిపోయాడు.

"ఏమయ్యా, తినేది తిని పో!" వంటింట్లోంచి సువర్ణ కేకేసింది.

అతను ఆగలేదు. వెనక్కి తిరిగి కూడా చూడలేదు.

"చూసినవా? నేనేమన్న పరాయి మనిషినా? పిలిస్తే పలుకడు. ఇయ్యాల కొత్తగాదు, ఎన్నేండ్ల సందో గిట్లనే. నా మాటంటే ఆయనకు లెక్కనే లేదు." సువర్ణ పొయ్యి దగ్గరికి తిరిగి పోయింది గానీ, గిన్నెల చప్పుడులో ఆమె కోపం ఇంకా వినిపిస్తూనే ఉంది.

వీరన్న కూతురి ఎంగేజ్‌మెంట్ అయిన నాటి నుంచీ ఇంట్లో ఇదే వరస. వీరన్న సువర్ణకు తమ్ముడు. ఆ రోజు జ్యోత్స్న చేసిన పాట మొదటిసారి పది మందిలో మోగింది. దాది, అంటే నాన్నమ్మ లాలి, పాడిన పాత పాట, కింద హరిలాల్ నగారా, దానికి జ్యోత్స్న కంప్యూటర్‌లో కట్టిన కొత్త బీటు. జగదీష్ తన డీజే బాక్సులన్నీ దింపాడు. పాట మోగుతుంటే దాంతో కలిపి హరిలాల్ స్వయంగా నగారా వాయించాలని ముందే అనుకున్నారు.

పాట మొదలవుతూనే పందిరి గుంజలు వణికాయి. బల్లల మీద స్టీలు గ్లాసులు కదిలాయి. మోత ఉంది, నగారా లేదు. బస్తాను కర్రతో బాదినట్టు ఏదో దబదబమని వినిపించింది. హరిలాల్ దెబ్బ ఒకచోట తప్పింది. ఇంకోచోట తప్పింది. మూడోసారి తప్పినప్పుడు పుల్లలు నేలకేసి కొట్టి, "ఇది పాటనా, బోరు బండి మోతనా? దీంట్ల ఎవడు వాయిస్తడు?" అని అరిచి పందిరిలోంచి వెళ్లిపోయాడు. బంధువుల్లో ఎవరో నవ్వారు. సాయంత్రానికి ఆ వీడియో చుట్టుపక్కల తండాల ఫోన్లన్నీ చుట్టి వచ్చింది.

హైదరాబాద్ స్టూడియోలో సౌండ్ పని నేర్చుకుని, మనవాళ్ల పాటలు మనమే చేసుకుందామని నిరుడు తండాకు తిరిగొచ్చిన పిల్ల జ్యోత్స్న. ఆ రాత్రి నుంచి ఆమె బయటికి వెళ్లడమే మానేసింది.

"తీసేస్తవా, లేదా? ఏదో ఒకటి చెప్పు." జగదీష్ బూటు లేసు ముడేస్తూ అడిగాడు.

"తియ్య."

"మొండితనం చెయ్యకు. సేవాలాల్ జయంతి దగ్గరికొచ్చింది. పినపాకల పెద్ద స్టేజీ. పాట మా కోడలిది, నగారా మా బావది అని వీరన్న మామ కమిటీకి మాటిచ్చిండు. మాపటికి ప్రాక్టీసని బాపును తీస్కపోనీకి వస్తడు. ఏం చెప్తవ్ మామకు?"

"పాట సక్కగ చేస్త, అన్నా. టైమియ్యి."

"ఇంకేం సక్కగ చేస్తవ్? నెట్ల రెడీమేడ్ డ్రమ్ములు దొరుకుతయ్. డీజేలందరు గవ్వే వాడుతరు. దెబ్బ పడితే జనం ఎగరాలె, గంతే."

"గవి నా దగ్గర కూడా మస్తున్నయ్. గవి పెడితే ప్రతి బారాత్‌ల మోగే పాటనే అయితది. బాపు నగారా ఎందుకు మల్ల?"

"బాపు నగారా వినిపిస్తే గదా!"

 అన్న కోపంతో అన్నా, అది నిజం. నాన్న నగారా ఆ పాటలో ఉంది, కానీ ఎవరికీ వినిపించలేదు.

జగదీష్ బండి తీసుకుని మణుగూరు వెళ్లిపోయాడు. సువర్ణ చేతులు తుడుచుకుంటూ వచ్చి గుమ్మం దగ్గర నిలబడింది.

"నువ్వొచ్చినంక ఇంట్ల మనుషులుంటరనుకున్న. మోత తప్ప మాట లేదు ఈ ఇంట్ల."

అని, కూతురు ఏమంటుందో వినకుండానే లోపలికి పోయింది.

*

వెనక గదిలో కూర్చుని జ్యోత్స్న లాప్‌టాప్ తెరిచింది. పాట పెట్టి, తన పాట కాదన్నట్టు, ఎవరో ముక్కూ మొహం తెలియనివాళ్లు చేసి పంపినట్టు వినడానికి ప్రయత్నించింది.

తప్పు దాక్కోలేదు. హెడ్‌ఫోన్స్‌లో బాగున్నట్టే అనిపించి మోసం చేసింది, అంతే. కంప్యూటర్ బీటులోని లోతైన దెబ్బ, దాని కింద సాగే బేస్, నగారా కడుపులోంచి వచ్చే గుమ్మనే శబ్దం - మూడూ అడుగునే, ఒకే చోట ఇరుక్కున్నాయి. ఏదీ ఇంకోదానికి దారివ్వడం లేదు. నగారా వినిపించడం లేదని దాన్ని పెంచింది. అప్పుడు దాది గొంతు మునిగిపోయిందని గొంతు పెంచింది. చివరికి డీజే బాక్సుల్లో గట్టిగా మోగాలని మొత్తం పాటను నొక్కి పట్టి, ఎత్తూ పల్లం లేకుండా చదును చేసింది. దెబ్బకూ దెబ్బకూ మధ్య ఖాళీ లేకుండా పోయింది. ఖాళీ లేకపోతే దెబ్బ ఎక్కడ మొదలైందో చెవికి ఎట్లా తెలుస్తుంది?

ఈసారి పెంచడం మానేసి తగ్గించడం మొదలుపెట్టింది. ముందు కంప్యూటర్ దెబ్బను పూర్తిగా తీసేసింది. లోతు కోసం నగారా ఉండగా ఇంకోటి ఎందుకు? బేస్‌ను నగారా కంటే కాస్త పైకి జరిపింది. నగారా దెబ్బ పడిన ప్రతిసారీ బేస్ ఒక్క క్షణం తలవంచి, దెబ్బ దాటిపోగానే మళ్లీ లేచేట్టు కట్టింది. శబ్దాన్ని బురద చేస్తున్న నడిమి స్థాయి మోతను కొంచెం కోసింది. పుల్ల తోలుకు తగిలే ఆ చురుకైన చప్పుడును మాత్రం పైకి తెచ్చింది.

పాట ఊపిరి పీల్చుకుంది. కానీ నగారా చుట్టూ ఒక రేకుల గణగణ అంటుకునే ఉంది. అన్న బాక్సులు పెట్టుకునే రేకుల షెడ్డులో రికార్డు చేసిన ఫలితం అది. ప్రతి దెబ్బా పైకప్పుకు తగిలి తిరిగొచ్చి మైకులో పడింది. ఎంత కడిగినా అది పోదు. మళ్లీ రికార్డు చేయాలి.

ఎక్కడ? ఇంట్లో ఏ గదిలో కొట్టినా గోడలు తిరిగి అరుస్తాయి.

"జ్యోత్స్నా! పత్తి మీద పట్టా జారిందేమో సూడు, ఎలుకలు దూరతన్నయ్!" తల్లి అరిచింది.

చిరాకు పడుతూనే వెళ్లింది. ధర వస్తుందేమోనని అమ్మకుండా ఉంచిన పత్తి ఆ గదిలో మూడు వైపులా పైకప్పు దాకా ఉంది. మధ్యలో ఇద్దరు కూర్చునేంత చోటే మిగిలింది. పట్టా సర్దుతూ, "సరిగనే ఉందమ్మా!" అంది.

తన గొంతు తనకే వింతగా వినిపించింది. నోటి ముందే మాట ఆగిపోయినట్టు.

చప్పట్లు కొట్టింది. చప్పుడు చేతుల దగ్గరే పుట్టి అక్కడే ముగిసింది. గోడల నుంచి ఏమీ తిరిగిరాలేదు.

జ్యోత్స్న పట్టా వదిలేసి కళ్లం వైపు పరుగెత్తింది.

*

హరిలాల్ గొంతుక్కూర్చుని ఎర్రటి కాయల్లోంచి తెల్లబారిన తాలు కాయలు ఏరుతున్నాడు. మిరప ఘాటుకు జ్యోత్స్నకు ముక్కు మండింది. తండ్రి వెనక నిలబడి గొంతు సవరించుకుంది.

"బాపూ, ఒక్కపారి పత్తి రూంలకు వస్తవా?"

 అతని వేళ్లు కాయల మధ్య తిరుగుతూనే ఉన్నాయి.

"నేను చేసింది తప్పే. పది మందిల నీ పరువు తీసిన. ఒప్పుకుంటున్న గదా."

హరిలాల్ ఇంకో గుప్పెడు కాయలు దగ్గరికి లాక్కున్నాడు.

"కోపం నా మీద ఉంటే నన్ను తిట్టు బాపూ. మాట్లాడకుండ ఉండకు."

ఒక తాలు కాయ పక్కన పడింది. ఇంకోటి పడింది. జ్యోత్స్నకు కళ్లలో నీళ్లు తిరిగాయి. మిరప ఘాటు వల్లేనని తనకు తాను చెప్పుకుని, చుట్టూ తిరిగి అతని ఎదుటికి వచ్చింది.

హరిలాల్ ఉలిక్కిపడి తలెత్తాడు. "ఎప్పుడొచ్చినవ్?"

ఇంతసేపూ మాట్లాడిందంతా విననట్టు నటించడంతో ఆమెకు మరింత బాధేసింది. అయినా దిగమింగుకుంది.

"నగారా మల్ల రికార్డు చేద్దాం. పత్తి రూంల."

"వద్దు. తీసెయ్యమన్న గదా."

"పాట ఉండది బాపూ. వట్టి నగారనే. నీకు ఎట్ల కొట్టబుద్ధయితే గట్ల కొట్టు."

అతని చెయ్యి ఆగింది. ఆమె ముఖంలోకే చూస్తూ అడిగాడు. "పాట ఉండదా?"

"ఉండది."

"చెవులకు అవి పెట్టవా?"

"పెట్ట."

హరిలాల్ ముఖంలో ఏదో ముడి విడింది. లేచి మోకాళ్లు దులుపుకున్నాడు. నగారా తెచ్చి, తోలు బిగుసుకోవడానికి కళ్లంలో కాలిపోతున్న నేల మీద ఎండలో పెట్టాడు. మామూలుగా అయితే మంట దగ్గర కాచేవాడు. పక్కనే పత్తి ఉంది గనక మంట మాట ఎత్తలేదు. కొంతసేపటికి తోలు మీద వేలితో మీటి, అరచెయ్యి ఆనించి చూసుకుని, "పోదాం పా," అన్నాడు. నిశ్చితార్థం తర్వాత కూతురితో సూటిగా అన్న మొదటి మంచి మాట అది.

*

ఒక మైకు నగారా అంచుకు దగ్గరగా పెట్టింది, పుల్ల తగిలే చప్పుడు కోసం. ఇంకోటి కొంచెం దూరంలో పెట్టింది, నగారా కడుపులోంచి వచ్చే బరువు కోసం.

"ముందు ఒక్కొక్క దెబ్బ కొట్టు బాపూ. ఆగి, మల్ల కొట్టు."

హరిలాల్ కొట్టాడు.

లాప్‌టాప్ తెర మీద ఒక గీత నిటారుగా లేచి చప్పున పడిపోయింది. హెడ్‌ఫోన్స్‌లో ఆ దెబ్బ విని జ్యోత్స్న ముందుకు వంగింది. రేకుల గణగణ లేదు. పుల్ల, తోలు, ఇత్తడి, ఆ వెనక లోతు - అన్నీ వేటికవి తెలుస్తున్నాయి.

"మోగిందా?" అని అడిగాడు.

"మోగింది బాపూ."

ఇంకోటి కొట్టాడు. "మోగిందా?"

"అవ్."

ఇంకోటి. "మంచిగ మోగిందా బిడ్డా?"

ఈ గదిలో శబ్దం చచ్చిపోతుంది కాబట్టి అనుమానం వచ్చి ఉంటుందని ఆమె అనుకుంది. బొటనవేలు ఎత్తి చూపించింది. అతను నవ్వి, తల నగారా అంచు మీదికి వంచి, ఈసారి ఆపకుండా వాయించడం మొదలుపెట్టాడు. పెండ్లి నడక, తర్వాత హోలీ ఆట, తర్వాత జ్యోత్స్నకు పేరు తెలియని ఏదో పాత వరస. కళ్లు మూసుకున్నాడు. దవడ కింద నరం దెబ్బదెబ్బకూ కదులుతోంది. ఒక్కచోట కూడా తాళం తప్పలేదు.

వీరన్న మామ పందిట్లో తప్పిన మనిషి ఇతనేనా అనిపించింది ఆమెకు. పాట లేకపోతే ఇంత సుఖంగా వాయించే మనిషి పాటతో ఎందుకు తడబడ్డాడు?

అతను ఆపి, ముఖం తుడుచుకున్నాక, జ్యోత్స్న కొత్త దెబ్బలను తీసుకుని పాటలో పాతవాటి స్థానంలో పేర్చింది. ఎక్కువసేపు పట్టలేదు. మంచిగా రికార్డైన శబ్దానికి పెద్దగా చేయాల్సింది ఏమీ ఉండదు. ఆశ ఆపుకోలేక హెడ్‌ఫోన్స్ తండ్రి చెవులకు తనే పెట్టింది.

"పెట్టనన్న గానీ, ఒక్కపారి ఇను బాపూ. ఒక్కపారే."

హరిలాల్ కాదనలేదు. పత్తి మీద వెనక్కి జరిగి కూర్చున్నాడు. ఆమె పాట మొదలుపెట్టింది. తెర మీద పచ్చటి గీతలు ఎగురుతూ దిగుతున్నాయి. హరిలాల్ వాటినే చూస్తూ నెమ్మదిగా తల ఊపాడు. పచ్చ గీత పైకి లేచినప్పుడల్లా తల కిందికి.

"బాగుంది," అన్నాడు, కాస్త గట్టిగా. "మంచిగ పలికింది నగారా. మీ దాది గొంతు కూడా మంచిగుంది."

జ్యోత్స్న మనసు గాల్లో తేలింది. తేలిన మనసుతోనే వాల్యూమ్ కొంచెం సర్దుదామని, మైకులూ హెడ్‌ఫోన్సూ తగిలించే చిన్న రికార్డింగ్ పెట్టె వైపు చెయ్యి చాపింది. హెడ్‌ఫోన్స్ వైరు పెట్టెకు లేదు. హరిలాల్ వెనక్కి జరిగినప్పుడు ఊడిపోయి, దాని కొస పత్తిలో పడి ఉంది.

పాట ఎక్కడా మోగడం లేదు. తెర మీద గీతలు మాత్రమే ఎగురుతున్నాయి.

ఆమె ఆ వైరు కొసను చేతిలోకి తీసుకుంది. అతను ఇంకా తల ఊపుతున్నాడు.

"బాపూ."

కూతురి ముఖం చూసి హెడ్‌ఫోన్స్ తీశాడు. ఆమె చేతిలో మెరుస్తున్న చిన్న ఇనప కొసను చూశాడు. ముందు అర్థం కాలేదు. పెట్టె వైపు చూశాడు, మళ్లీ కొస వైపు చూశాడు. అతని ముఖంలోంచి నవ్వు కొంచెం కొంచెంగా దిగిపోయింది.

బయట సారపాక కాగితం మిల్లుకు పోయే వెదురు లారీ ఒకటి పెద్దగా హారన్ కొడుతూ వెళ్లింది. జ్యోత్స్న తల అటు తిరిగింది. అతని తల తిరగలేదు.

"ఎప్పటి సంది?" అతని ముఖానికి ఎదురుగా జరిగి అడిగింది.

హరిలాల్ పుల్లలు రెండూ పక్కపక్కన పెట్టాడు. సరిగ్గా పెట్టాక చెప్పాడు.

"బోరు బండి మీద పనిచేసినప్పుడే మొదలైంది. కంప్రెసర్ పక్కన నిలబడి నిలబడి. ముందుగాల పిట్టలు ఇనబడుడు పోయింది. నేను పట్టించుకోలే. ఎనక ఆడోళ్ల మాట, పిల్లల మాట. మగోళ్లయితే ఎదురుంగ ఉంటే తెలుస్తది. మూతి సూస్త."

"నగారా?"

"నగారా చేతికి తెలుస్తది. ఛాతికి తెలుస్తది. దానికి చెవితోటి పనిలేదు."

"మరి మామ ఇంటికాడ?"

అతను తలదించుకున్నాడు. ఆమె అతని గడ్డం కింద చెయ్యి పెట్టి తల ఎత్తింది, తన పెదవులు కనబడేట్టు. మళ్లీ అడిగింది.

"మామ ఇంటికాడ ఏమైంది బాపూ?"

"పాట దొరకలే. బాక్సుల కాడ అంతా ఒక్కతీరు ఊగుడే. దెబ్బ ఎక్కడ పడ్డదో, ఎక్కడ పడలేదో... కాలి కింద భూమి ఊగుతది గానీ తాళం దొరకలే బిడ్డా. తప్పుతాంటే అందరు నా దిక్కే సూసిండ్రు. నోటికొచ్చింది అన్న."

"నా మీద అన్నవ్."

"అవ్. నీ మీద అన్న."

జ్యోత్స్న లేచి నిలబడింది. నిలబడటానికి తప్ప నడవడానికి చోటు లేని గది అది. "గా వీడియో ఎంతమంది చూసిండ్రో తెలుసా నీకు? బయటికి పోతలేను నేను. సౌండ్ పని నాకు రాదేమో అనుకున్న. హైదరాబాద్‌ల నేర్చుకున్నదంతా వట్టిదేమో అనుకున్న!"

అతనికి ఎన్ని మాటలు అందాయో తెలియదు. ముఖం చూసి మాత్రం అంతా తెలుసుకున్నట్టున్నాడు.

"పాట కూడా మంచిగ లేదు," అంది మళ్లీ కూర్చుని. "అది నిజమే. కలిపి కుప్ప చేసిన. గానీ నువ్వు ఒక్క మాట నాకు చెప్పుంటే..."

"చెప్తే ఏమైతది? చెవిటి హరిలాల్ అంటరు. చెవిటోణ్ని నగారాకు ఎవరు పిలుస్తరు?"

"ఖమ్మం పోదాం. పెద్ద దవాఖానల చూపిద్దాం. మిషన్ పెట్టుకుంటే ఇనబడతది."

"సూద్దాం. మీ అమ్మకు చెప్పకు."

ఆ మాటకు ఆమె ఒప్పుకోలేదు, కాదనలేదు. లేచి వెనక గదిలోంచి తన చిన్న స్పీకర్ తెచ్చింది. వైరు పెట్టి, తండ్రి అరచెయ్యి తీసుకుని స్పీకర్ మీద గట్టిగా ఆనించింది. ముందు పాత పాట పెట్టింది.

"ఇది మామ ఇంటికాడ మోగింది."

హరిలాల్ కాసేపు చూశాడు. "అవ్. గిట్లనే. వట్టి ఊగుడు."

తర్వాత కొత్తది పెట్టింది.

మొదటి దెబ్బకే అతని వేళ్లు ఉలిక్కిపడ్డాయి. రెండో దెబ్బకు కళ్లు పెద్దవయ్యాయి. రెండో చెయ్యి కూడా స్పీకర్ మీద పెట్టాడు. నగారా పడినప్పుడు బేస్ తప్పుకుంటోంది. దెబ్బ ఒంటరిగా, నిండుగా వచ్చి అరచేతిని తాకి వెళ్లిపోతోంది. మళ్లీ ఖాళీ. మళ్లీ దెబ్బ.

"విడివిడిగ తగుల్తాంది," అన్నాడు మెల్లగా. "ఇగో... ఇది పుల్ల. ఇది కడుపు. ఇక్కడ నేను ఎడమ చెయ్యి కొట్టిన." అతని మోకాలు తాళానికి కదలడం మొదలైంది. చెవులతో వినేవాడి కంటే కచ్చితంగా కదిలింది.

జ్యోత్స్న ఏడుస్తూ నవ్వింది. స్టేజీ మీద అతని కాళ్ల దగ్గర ఒక బాక్సు వేయించాలి. చెయ్యి ఆనించేందుకు కాదు, మోకాలు ఆనించేట్టు. ఆ ఆలోచన ఎంతవరకు పోయేదో గానీ, గుమ్మం దగ్గర నీడ కదిలింది.

సువర్ణ. చేతిలో టీ గ్లాసులు. ఎంతసేపటి నుంచి నిలబడిందో, టీ మీద మీగడ తొరక కట్టింది.

*

"ఏమంటుండు మీ నాయన?" సువర్ణ గొంతు మామూలుగానే ఉంది. అదే భయపెట్టింది.

"అమ్మా, కూసో ముందు..."

"అంతా ఇన్న. కూసునేదేమున్నది?"

గ్లాసులు కింద పెట్టి భర్త ఎదుటికి వచ్చింది. హరిలాల్ స్పీకర్ మీది నుంచి చేతులు తీసేశాడు. భార్య ముఖం వైపు చూసే ధైర్యం లేక, మాట తెలియాలంటే చూడక తప్పక, చూశాడు.

"మా అమ్మ పోయిననాడు నీ పక్కకొచ్చి కూసున్న. యాదికున్నదా? మంచం మీద పండుకున్నవ్ గోడ దిక్కు తిరిగి. తెల్లారేదాక మాట్లాడిన. నా పానంల ఉన్నదంతా చెప్పుకున్న. నువ్వు ఊ అనలే, ఆ అనలే. లేసి పొలం పోయినవ్."

"సువర్ణా..."

"ఆనాడు నా మనసు ఇరిగింది. ఈ మనిషికి ఇగ నా ఏడ్పు చెప్పొద్దనుకున్న. మల్ల చెప్పలే. ఒక్కనాడు చెప్పలే. నువ్వు ఇనలేదని నాకెందుకు చెప్పలే?"

హరిలాల్ పెదవులు కదిలాయి. 

"ఏం చెప్పినవ్ ఆనాడు?"

సువర్ణ ఏదో అనబోయింది. ఏడుపు తన్నుకొచ్చి గోడ వైపు తిరిగింది. తిరిగి, రెండు మాటలు అన్నాక చప్పున ఆగిపోయింది. తను గోడకు చెబుతోంది. నెమ్మదిగా మళ్లీ అతని వైపు తిరిగింది. కొంగుతో ముఖం తుడుచుకుని, పెదవులు తేటగా కనిపించేలా నోరు తెరిచింది.

"అక్కా! ఓ అక్కా!" వాకిట్లోంచి వీరన్న అరుపు. ఆటో ఇంజను ఇంకా ఆగలేదు. "బావ తయారైండా? కమిటీవోళ్లు అందరు వచ్చి కూసున్నరు, జల్దీ పోవాలె!"

తల్లీ కూతుళ్ల తలలు రెండూ ఒకేసారి గుమ్మం వైపు తిరిగాయి. అది హరిలాల్ చూశాడు. ఇట్లాంటప్పుడు అతను ఎప్పుడూ ఏం చేసేవాడో జ్యోత్స్నకు ఇప్పుడు తెలుస్తోంది. దగ్గేవాడు, తువ్వాలు సర్దుకునేవాడు, తనకేదో పని గుర్తొచ్చినట్టు లేచి అటు నడిచేవాడు.

ఈసారి అతను కదల్లేదు.

"ఎవరు?" అని అడిగాడు. "ఎవరొచ్చిండ్రు?"

"వీరన్న," అంది సువర్ణ, ప్రతి అక్షరం విడమరిచి. "నిన్ను తీస్కపోనీకి వచ్చిండు."

హరిలాల్ నగారా వైపు చూశాడు. కూతురి వైపు చూశాడు. ఆమె ఏం చెప్పగలదు? స్పీకర్ మీద అరచెయ్యి పెట్టి వాయించడం వేరు, వేల మంది ముందు వాయించడం వేరు. అక్కడ ఒక్క దెబ్బ తప్పినా మళ్లీ నవ్వుతారు. ఇవాళ ప్రాక్టీసుకు పోకపోతే ఎందుకు రాలేదని అడుగుతారు, ఏ దెబ్బా తప్పకుండానే చెవుల సంగతి అందరికీ తెలిసిపోతుంది.

"చెప్పెయ్యాల్నా మామకు?" జ్యోత్స్న తల్లిని అడిగింది.

సువర్ణ కొంగు నడుముకు చెక్కుకుని, భర్తను దాటి, కూతురిని దాటి బయటికి నడిచింది. వాకిట్లో ఆటో ఇంజను ఆగింది.

"ఏందక్కా? కండ్లెందుకు ఎర్రగున్నయ్? ఏమైంది?" వీరన్న గొంతు.

హరిలాల్ చేయి చాపి జ్యోత్స్న మణికట్టు పట్టుకున్నాడు. అతని చూపు గుమ్మం మీద లేదు, కూతురి ముఖం మీద ఉంది.

"ఏమంటాంది మీ అమ్మ?"

జ్యోత్స్న చెవులు రిక్కించింది. బయట సువర్ణ ఇంకా ఏమీ అనలేదు.